చింతగింజల ఓట్లు

అన్నా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. ఇది నువ్వు చదవవని తెలుసు. అయినా రాయకపోతే మనసు నిలిచేలా లేదు.

స్వాతంత్ర్యం వచ్చింది కదా, పౌరశాస్త్రం కొత్తగా ఎలా చెప్పాలో నేర్పడానికి టీచర్లందరినీ బసవనగుడిలోని ఒక బడికి పిలిపించారు. ఈరోజు నమూనా పాఠం చెప్పే వంతు నాది. నీ పాఠమే చెప్పాను. రెండు కుండలు పెట్టి, తోటి టీచర్లనే పిల్లలనుకుని, చింతగింజలతో ఓట్లు వేయించి తరగతి నాయకుణ్ణి ఎన్నిక చేయించాను. పిల్లలకు తిరుగుబాటు నేర్పుతున్నావని నాడు నీ ఉద్యోగం తీసేసింది ఈ పాఠానికే. ఇవాళ అందరూ చప్పట్లు కొట్టారు.

"దీన్ని టీచర్ల పుస్తకంలో వేస్తామమ్మా," అంటూ ఇన్‌స్పెక్టరుగారు నా పేరు రాసుకున్నారు. భయమో ఆశో, అది నీదని చెప్పకుండానే బయటపడ్డాను. మార్కెట్టు దాకా నడిచి, ఉండబట్టలేక వెనక్కి వెళ్లాను.

"ఆ పాఠం మా అన్నది సార్. దానికే ఆయప్పను పనిలోంచి తీసేసినారు."

ఆయన నా పేరు కొట్టేసి నీ పేరు రాశారు. "ఇప్పుడు యాడుండాడమ్మా మీ అన్న? మళ్ళా పనికి పిలిపిస్తాం," అన్నారు.

విలాసం కోసం నీ పేరు కింద చోటు వదిలారు. ఆ చోటు అలాగే ఉంచి, నమస్కారం పెట్టి వచ్చేశాను.

నీ చెల్లెలు
సరసు