చేతికిచ్చిన కత్తి

మంగళవారం, రాత్రి

నందిగామ కత్తుల కొట్టుకి మా ఆయన్ని వెంటబెట్టుకెళ్లడం నాదే బుద్ధితక్కువ. చెక్క మీద గురి చూసి విసరడానికి నాకు మూడు కత్తులు కావాలి, మూడూ ఒకే బరువుండాలి. ఒక్కోదాన్నీ వేలి మీద అడ్డంగా నిలిపి చూస్తుంటే, ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "ఏదైతే ఏంటి? విసిరి పారేసేదేగా," అన్నారు.

కొట్టాయన నవ్వలేదు. "పదును పెట్టమంటారా అమ్మా?" అని అడిగాడు.

"వద్దండి, మొన ఉంటే చాలు."

అతను ప్రతి కత్తినీ నా చేతికివ్వకుండా బల్ల మీదే పెట్టాడు. కత్తి చేతికిస్తే ఇద్దరికీ గొడవలొస్తాయని మా వైపు పట్టింపు. పెళ్లయిన కొత్తలో ఈయన కూరగాయల కత్తి కూడా గట్టు మీద పెట్టి, "తీసుకో" అనేవారు. నేను నవ్వేదాన్ని.

ఇవాళ ఈయనే మూడో కత్తిని బల్ల మీద నుంచి తీసి నేరుగా నా చేతిలో పెట్టారు. "ఇదే తీసేస్కో, జగ్గయ్యపేట బస్సెళ్లిపోద్ది."

మర్చిపోయారా, లేక మా మధ్య ఇంకా చెడేదేముందిలే అనుకున్నారా?

ముక్కూ మొహం తెలియని కొట్టాయన మాత్రం నాతో గొడవ రాకూడదనుకున్నాడు.