గుట్ట కింది కొర్రచేను

గోరంట్ల మండలం గుట్టకిందపల్లిలో కాపురముంటున్న, కాలం చేసిన ఈరప్ప భార్య యల్లక్క అనే నేను, వయసు అరవై ఎనిమిది, నా తెలివి నా దగ్గర ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నాకు సంతానం లేదు. ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు.

1. నా భర్త ద్వారా నాకు సంక్రమించిన మూడెకరాల మెట్టపొలం, నా తదనంతరం, మరిది హనుమంతప్ప కూతురు పవిత్రకు సర్వహక్కులతో చెందాలి. హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఆ పిల్ల, సెలవు రోజు బస్సు దిగి ఇంటికంటే ముందు నా చేనికి వస్తుంది. ఆ పొలం ప్లాట్లకు అమ్మకూడదు. బోరు వేయకూడదు. చేనంతా ఒకే పంట పెట్టకూడదు.

కారణం చెబుతాను. ఈరప్ప చేనంతా శెనక్కాయే వేసేవాడు. వాన తప్పినప్పుడల్లా బోరు వేయించాడు. దుమ్ము లేచిందే గాని నీళ్లు పడలేదు. చివరికి బెంగళూరులో ఎవరి మేడకో కాపలా కాస్తూ అక్కడే కన్నుమూశాడు. ఆ తర్వాత నేను కొర్ర, సజ్జ, కంది, అనుములు కలిపి విత్తాను. ఒకటి ఎండినా ఇంకొకటి నిలబడింది.

2. ఇంట్లో ఉన్న కొయ్య గొర్రు హనుమంతప్పకు ఇస్తున్నాను. నా చేను చూసి "పిట్టలకు మేత ఏస్తాండావా వదినా?" అన్నాడు. ఊరి శెనక్కాయంతా మాడిపోయిన ఏడు నా కొర్ర ఇంటికి వచ్చింది. ఇంటింటికీ కొర్రన్నం పంపాను. అతని ఇంటినుంచి గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చింది. అప్పటినుంచి మా మధ్య మాట లేదు. అయినా గొర్రు అతనిదే. దాన్ని ఒకరు తోలాలి, వెనక ఒకరు విత్తనం వదలాలి. అన్నదమ్ములిద్దరూ అలా విత్తుతుంటే చూసినదాన్ని.

3. కుండల్లో బూడిద కలిపి దాచిన విత్తనాలన్నీ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఎస్తేరమ్మకు చెందుతాయి. అడిగిన వాళ్లకు లేదనకూడదు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే.

పెనుకొండ మీటింగులో ఒక ఆఫీసరు, లోకంలో తినే నోళ్లు పెరుగుతున్నాయి, నీళ్లు తగ్గుతున్నాయి, ఇలాంటి పంటలే దిక్కు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాక, మా ఇంట్లో ఒక్క నోరే మిగిలింది కదా అనిపించింది. సంగటి ఒక్క మనిషికి కెలకడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. మిగిలింది కుక్కలకు వేస్తాను.

4. నా దినాలకు పెద్ద వంటలు వద్దు. నా చేని గింజలే వండి, వాకిట్లో అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టండి. ఎవరిల్లు, ఎవరి కులం అని అడగొద్దు. నా పేరున వేరే ఆకు తీసిపెట్టొద్దు. ఆ చోట ఎవరైనా కూర్చుని తినండి.

పైన చెప్పినదంతా చదివించుకుని విని, సరేనని వేలిముద్ర వేశాను.

పెనుకొండ, 12 జూలై 2024

యల్లక్క, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
వీరభద్రయ్య, గోరంట్ల
సావిత్రమ్మ, గుట్టకిందపల్లి

రాసినవారు: లక్ష్మీనారాయణ, ధర్మవరం