దిమానా క్లాసులో వెనక బెంచీ

చెల్లీ జ్లాత్కా,

క్రీస్తు లేచాడు, ఇక్కడ అందరం కులాసా.

ఈస్టర్ సెలవులయ్యాక సోమవారం పొద్దున పాలు కాచి, దేవుడి పటం ముందు దీపం వెలిగించి బడికెళ్ళాను. నా క్లాసులో పిల్లలు నోరు విప్పడం లేదని, ఉద్యోగం మానేస్తానని నీకు రాశాను కదా. అందుకే ఆ రోజు కొత్త ఫిజిక్స్ టీచరు దిమానా పాఠం ఎలా చెబుతుందో చూద్దామని ఆమె క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను.

పిల్లలు పండగకు మిగిలిన ఎర్ర గుడ్లు తెచ్చారు. పండగ పందెంలో రెండు గుడ్లు ఢీకొడితే సన్న కొన పగలకుండా ఎందుకు గెలుస్తుందని దిమానా అడిగింది.

"మా నానమ్మ గెలిచేది చెక్క గుడ్డుతో టీచర్, అందుకే!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. దిమానా తాను జవాబు చెప్పకుండా, పిల్లలు చెప్పేదాకా కిటికీ దగ్గర ఊరికే నిలబడింది. జవాబు నా నాలుక చివరే ఉంది. ప్రార్థన చెప్పుకుంటూ ఆపుకున్నాను. చివరకు, నా క్లాసులో ఏడాదిగా పెదవి కదపని రాలిత్సా లేచింది. "మన రాతి వంతెన కమానులా టీచర్, దెబ్బ పక్కలకు జారిపోతుంది" అంది.

అమ్మ దగ్గు తగ్గిందా? బస్సులో అక్రోట్లు పంపు. ఆనవాయితీగా దేవుడి పటం దగ్గర ఉంచిన మొదటి ఎర్ర గుడ్డును వచ్చే పండగదాకా ఎవర్నీ ముట్టుకోనీయకు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

ఆ సోమవారం సాయంత్రం మీ బావా, మా అమ్మాయీ, నేనూ కూర్చుని తేల్చుకున్నాం: నేను ఉద్యోగం మానను, ప్రశ్న అడిగాక పిల్లలు చెప్పేదాకా ఆగుతాను. ఇకనుంచి ఇంట్లో కూడా నేనడిగిన ప్రశ్నకు నేనే జవాబు చెప్పబోతే, మీ బావ చెంచాతో బల్ల మీద కొడతాడు.

మీ పెద్దక్క
పరస్కేవా