భాగమతి మొఖం

ఎమ్మిగనూరు,
24 జనవరి 1976

ప్రియమైన పీరా అన్నకు,

మీ తండ్రీకొడుకులు వేసి పంపిన ముందు తెరను జాతర నాటకానికి కట్టాం. పొంగిన మూసీలో గుర్రం మీద కుతుబ్ షా, అవతలి గట్టున భాగమతి. తెర చూసి జనం ఈలలు వేశారు, ఆ వెంటనే గుసగుసలు. మా ఊరి అయ్యన్న నా హార్మోనియం దగ్గరికే వచ్చి, "యాంది మాస్టరూ, భాగమతికి మీ దీవెనమ్మ మొఖం పెట్టినారే!" అన్నాడు. నా తల కొట్టేసినట్లయింది.

నీ కొడుకు రహీమ్ మా ఇంటికి అన్నిసార్లు వచ్చింది ఇందుకా? నిన్ను తప్పు పట్టను. కానీ నా కూతురికి మద్దికెర సంబంధం ఖాయమైంది. తెర వెనక్కి పంపుతున్నాను. ఆ మొఖం చెరిపెయ్ అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా.

నీ తమ్ముడు,
కృపానందం


ఆదోని,
5 ఫిబ్రవరి 1976

తమ్ముడు కృపానందానికి పీరా సాబ్ సలాం.

తెర చేరింది. మావి జిగురులో కలిపిన పొడి రంగులే కదా, తడిగుడ్డ పెడితే వచ్చేస్తాయి. నేనే తుడిచినా. "అబ్బా, కండ్లన్నా ఉండనీ" అని రహీమ్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఉండనీయలేదు. నాకూ భయమే తమ్ముడూ.

ఆడ మేం అన్ని తెరల మీదా వేసే మాదిరి మొఖం వేసినా. సీతకైనా ద్రౌపదికైనా మేం వేసేది అదే. అది ఎవరిదీ కాదు, ఎవరూ ఏమీ అనరు.

రహీమ్ అన్నం ముట్టడంలేదు. ఏం చేసేది చెప్పు.

నీ అన్న,
పీరా సాబ్


ఎమ్మిగనూరు,
9 ఆగస్టు 1984

ప్రియమైన అన్నా,

ఎనిమిదేళ్లకు రాస్తున్నాను, తిట్టుకోకు. దీవెనమ్మ పోయింది. కామెర్లు. కబురు అందేసరికి సమాధి చేసేశారు.

పెళ్లినాడు బస్సెక్కిన పిల్ల మళ్లీ నా గడప తొక్కలేదు. నేనూ పౌరుషానికి పోయి చూడబోలేదు. ఫోటో ఒక్కటీ లేదు, పెళ్లిలో తీయిస్తామంటే తనే వద్దంది. నీ మరదలు సువార్తమ్మ గోడ చూపించి, "నా బిడ్డను ఈడ పెట్టు, తండ్రివి కదా!" అని ఏడుస్తోంది. దాని రూపం ఈ లోకంలో ఆ ఒక్క తెర మీదే ఉండేది. దాన్నీ నేనే తుడిపించాను.

రహీమ్‌ను మళ్లీ వేయమను. భాగమతిగానే వేయనీ, ఎవరేమన్నా అననీ.

కృపానందం


ఆదోని,
30 ఆగస్టు 1984

నా తమ్మునికి,

నీ జాబు చదివి రహీమ్ గుడ్డ బిగించి కూర్చున్నాడు. నది వచ్చింది, గుర్రం వచ్చింది, పిల్ల జడా చీరా వచ్చినాయి. మొఖం దగ్గర మాత్రం సీతకూ ద్రౌపదికీ వేసే ఆ మాదిరి మొఖమే వస్తాంది. తుడుస్తాడు, వేస్తాడు, మళ్లీ అదే. ఇన్నేండ్లు ప్రతి తెర మీదా వాని చేత అదే వేయించినా కదా, చెయ్యి దానికే అలవాటు పడింది. నిన్న కుంచె పారేసి, "అబ్బా, నవ్వితే ఆ పిల్లకు యా చెంపకు సొట్ట పడేది? మాస్టర్‌ను అడుగు, అది తెలిస్తే పట్టుకుంటా" అన్నాడు.

తొందరగా రాయి తమ్ముడూ.

పీరా సాబ్


ఎమ్మిగనూరు,
4 సెప్టెంబర్ 1984

అన్నా,

సువార్తమ్మ కుడి చెంపకంటోంది. నాకు ఎడమ అనిపిస్తోంది. పొద్దుటి నుంచి ఇద్దరం ఇదే పోట్లాట. ఇప్పుడు ఆమెకూ అనుమానమే.

మొఖం ఖాళీగానే పంపించు. గోడకు అట్లే కడతాం.

నీ తమ్ముడు,
కృపానందం