గేటు తీసిన మనిషి

ప్రియమైన తమ్ముడికి,

నీ నడుంనొప్పి తగ్గిందా? బస్సుల కింద దూరడం ఇకనైనా కుర్రాళ్లకి వదిలెయ్యి.

మిల్లు వెనకాల మన తోటని యజమాని మనవడు గోదాములకి అమ్మేస్తున్నాడు. చెట్లకి అప్పుడే సున్నంతో అంకెలు కూడా వేసేశారు. పేటవాళ్లం ఊరుకుంటామా! కోర్టుకెక్కాం. ఎవరినీ అడక్కుండా నలభై ఏళ్లుగా అందరం అక్కడ తిరిగామని రుజువైతే చెట్లు బతుకుతాయట. చిన్నప్పటి ముచ్చట్లన్నీ రాసి, సంతకం పెట్టి, నేరుగా మన వకీలుకి పంపు. గడువు దగ్గర పడింది. నాన్న ఊసు మాత్రం ఎత్తకు. ఎందుకని అడక్కు, చెప్పినట్టు చెయ్యి.

మిషన్ తొక్కి తొక్కి కాళ్లరిగిన
మీ అక్క

అక్కకి,

వకీలుకి ఎనిమిది పేజీలు పంపాను. నువ్వు వంకర చెట్టెక్కి దిగలేక లబోదిబోమన్నది, వానలో మనం గట్టుమీంచి జారింది, ఎండాకాలం పేటంతా అక్కడే చాపలేసుకుని కూర్చున్నది, ఏదీ వదల్లేదు. రాస్తుంటే షెడ్డులో గ్రీజు వాసన కూడా తెలియలేదంటే నమ్ము.

నాన్న గురించీ రాశాను. కోపమొస్తే రానీ. ఆయన మిల్లు కాపలావాడని చెప్పుకోవడం నీకు మొదట్నుంచీ నామోషీ. బడి దగ్గర నీ స్నేహితురాళ్లు "ఎవరే ఆయన?" అంటే "ఏమో" అన్నావు. నేను పక్కనే ఉన్నాను. పిల్లలు ఆడుకుంటారని పెద్ద యజమానిని బతిమాలి ఒప్పించి, రోజూ సాయంత్రం గేటు తీసింది ఆయనే కదా! ఆయన లేకపోతే మనకి తోటెక్కడిది? కోర్టు కాగితాల్లోనైనా ఆయన పేరుండనీ.

నీ తమ్ముడు

తమ్ముడికి,

కేసు పోయింది.

నీ కాగితాలు మన వకీలు చదవకుండానే దాఖలు చేశాడు, వాడి మొహం మండ. అవతలి వకీలు మాత్రం అక్షరం వదల్లేదు. నాన్న యజమానిని బతిమాలిన చోట ఆగి, "అడిగి అడుగుపెట్టారంటే అది తమది కాదని వాళ్లకి తెలుసు. అప్పుడు దయతలిచి రానిచ్చాం, ఇప్పుడు వద్దంటున్నాం" అన్నాడు. జడ్జికి ఇంకేం అక్కర్లేకపోయింది. తీర్పులో నాన్న పేరు మూడుసార్లు ఉంది. చాలా?

అందుకేరా వద్దన్నాను. కారణం రాస్తే ఉత్తరం ఎవరి చేతుల్లో పడుతుందోనని భయపడ్డాను. నీకేమో అక్క సిగ్గే కనిపించింది. అవును, సిగ్గుపడ్డాను. పన్నెండేళ్ల పిల్లని. ఆ రోజే ఇంటికొచ్చి నాన్న కాళ్లు పట్టుకుని ఏడిస్తే, నవ్వి తల నిమిరాడు. ఆయన మర్చిపోయింది నువ్వు నలభై ఏళ్లు మోశావు. అదేదో నా మొహాన అనేయకపోయావా?

నిన్నటికి చెట్లన్నీ కొట్టేశారు. "రాసింది మీ తమ్ముడేగా" అంటూ పేటలో ఆడవాళ్లు నా దగ్గర బట్టలు కుట్టించుకోవడం మానేశారు. "మా వాడు ఉన్నదే రాశాడు" అని అందరితో పోట్లాడాను. ఇంట్లోకొచ్చి తలుపేసుకుని నిన్ను నోరారా తిట్టాను.

వచ్చే నెల నువ్వు వస్తున్నావని మీ ఆవిడ కబురు పెట్టింది. రాకురా. వయసు మీదపడే కొద్దీ నీకు అచ్చం నాన్న పోలికలే వస్తున్నాయి. ఆ మొహం ఇప్పుడు నేను చూడలేను.

అక్క