బావ ఒంటి మీద చొక్కా లేదు

లాక్‌డౌన్ పన్నెండో రోజు

తమ్ముడికి,
అక్క దీవెనలు.

ఫోను బ్యాటరీ కప్పలా ఉబ్బింది. రిపేరు కొట్టు మూసేశారు. మా ఊరి డెయిరీ నుంచి పాల ట్యాంకరు వారానికి రెండుసార్లు మీ నగరానికి వస్తోంది. ఆ డ్రైవర్ గారు ఉత్తరాలు అందిస్తానన్నారు. దొరికింది అరచేతిలో పట్టేంత కాగితం, అందుకని అసలు విషయాలు మాత్రమే రాస్తున్నాను.

పొయ్యి రోజుకు ఒక్కసారే వెలుగుతోంది. గంజి చుక్క కూడా పారబోయడం లేదు. మీ బావ ఒంటి మీద చొక్కా లేదు. ఉన్నవి తొమ్మిదీ అయిపోయాయి. మంచి బొంత వంటింటి పాలయింది. మేం బాగానే ఉన్నాం.

ఇట్లు,
చోటు చాలక ఇంతటితో ఆపుతున్న
నీ అక్క

తా.క. ఈ కాగితం వెనక ఖాళీగానే ఉంది. జవాబు అక్కడే రాసి పంపు. నీ కాగితం పాడు చేసుకోకు.


పదిహేనో రోజు

అక్కకు,
తమ్ముడు నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి ఏడ్చేశాను. చదవమని నీ మరదలికి ఇస్తే, తను రెండుసార్లు చదివి, "అలాగా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. కళ్లలో నీటి చుక్క లేదు. కొందరి గుండెలు అంతే.

ముప్పై ఏళ్లు బడిలో కుట్టు టీచరుగా చేసి, ఎందరికో సూదిలో దారం ఎక్కించడం నేర్పినదానివి. నువ్వు గంజి తాగి బతికే రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. బావ గడియారాల కొట్టు మూతపడిందని తెలుసు కానీ, పరిస్థితి ఇంతదాకా వచ్చిందని తెలియదు. బావ ఇంట్లో కూడా మెడ దాకా బొత్తాలు పెట్టుకునే మనిషి. అలాంటి మనిషి తొమ్మిది చొక్కాలూ అమ్ముకున్నాడా? వంటచెరకు లేక బొంతను పొయ్యిలో పెట్టారా? అంతా రాసి, చివర "మేం బాగానే ఉన్నాం" అన్నావు చూడు, ఆ మాటే నన్ను కోసేసింది.

నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా. నాకేం లోటు. ఫంక్షన్ హాలు మూసినా మా యజమాని మేనేజరుకి జీతం ఆపే మనిషి కాదు. ఖాళీ దొరికింది కదా అని గోడలకు రంగులు వేయిస్తున్నారు. నేనే దగ్గరుండి చూసుకుంటున్నాను.

పోయినేడు నువ్వు మా ఇంటికి వచ్చి, అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ ఏరి ముద్ద చేస్తే, నలుగురిలో నిన్ను పిసినారి అని నవ్వాను. ఆ మాట ఇప్పుడు నా గొంతులో ముల్లులా ఉంది.

మీ ఊళ్లో సాయం చేసే బృందం ఒకటి ఉంది. మా హాలుకి పూలు వేసే ఆయన ద్వారా వాళ్లకు కబురు పెట్టాను. ఇద్దరు వస్తారు, నేనే పంపానని చెప్తారు. మొహమాటపడకు. మన అవసరం సంగతి వీధిలో ఎవరికీ తెలియనివ్వొద్దని వాళ్లకు గట్టిగా చెప్పాను. అక్కాతమ్ముళ్ల మధ్య దాపరికం దేనికి.

ఇట్లు,
అన్నం సయించని
నీ తమ్ముడు

తా.క. జవాబు నీ కాగితం వెనక రాయలేదు. నా బాధ అందులో పట్టదు.


పంతొమ్మిదో రోజు

తమ్ముడికి,
అక్క దీవెనలు. నీకు ధైర్యం కలగాలని మరీ మరీ దీవిస్తున్నాను.

నువ్వు పంపినవాళ్లు వచ్చారు. ఒకాయన బడిలో లెక్కల మాస్టారు, ఇంకొకాయన మందుల షాపు ఆయన. చేతిలో మడిచిన సంచులు, ఒక నోటుపుస్తకం. గేటు అవతలే నిలబడ్డారు. మాస్కుల్లోంచి సగం మాటలే బయటికి వస్తున్నాయి. మీ తమ్ముడు పంపారండీ అని, ఆ తర్వాత నేల చూపులు చూశారు. ఏం కావాలో చెప్పండి అన్నాను. మీ ఇంట్లో ఏమేం ఉన్నాయో ముందు చూడాలండీ, రాసుకోవాలి అన్నారు మాస్టారు.

నీ ఇంటికి సామాన్లు కావాలన్న విషయం నాకు అర్థమైపోయింది. లోపలికి పిలిచి సామాన్ల గది తలుపు తీశాను. బియ్యం, పప్పులు, గోధుమపిండి, ఎండబెట్టిన కూరగాయ ముక్కలు, నూనె, సబ్బులు, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇవన్నీ మీవేనా అని అడిగితే, మా తమ్ముడివి కూడా అన్నాను. సగానికి సగం సర్ది ఇచ్చాను. వాళ్ల సంచులు చాలకపోతే మా ఇంటివి కూడా ఇచ్చాను.

"అమ్మా, మేం తీసుకుపోవడానికి రాలేదండీ" అన్నారు మాస్టారు.

"అడగడానికి వచ్చినవాళ్లు మొదట అలాగే అంటారు లెండి" అన్నాను. మీ బావ వాటిని వాళ్ల బండి మీద పెట్టి తాడు కట్టాడు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా మీద జాలిపడ్డట్టు రాసిందంతా నీ అవసరం దాచుకోవడానికేనని తెలుసు. "మన అవసరం" అని రాశావు. "నా అవసరం" అని రాయడానికి చెయ్యి రాలేదని తెలుస్తూనే ఉంది. రంగులు వేయిస్తున్నామని రాసిన చోట నీ అక్షరాలు వంకర పోయాయి. చిన్నప్పుడు కూడా అబద్ధం చెప్పేటప్పుడు నీ నోరు ఒక పక్కకి పోయేది. ఏం పరవాలేదు. అయిపోతే మళ్లీ పంపించు వాళ్లని.

ఇట్లు,
ఏమీ అనుకోని
నీ అక్క

తా.క. నావి ఆరు సంచులు. ఖాళీ కాగానే పంపించు. అవి మీ బావ చొక్కాలు.


ఇరవై మూడో రోజు

అక్కకు,
తమ్ముడు చేతులు జోడించి రాస్తున్నది.

లెక్కల మాస్టారు ఫోను చేశారు. ఇలాంటి ఇల్లు తన సర్వీసులో చూడలేదట. నువ్వు ఇచ్చింది వాళ్ల జాబితాలో ఉన్న కుటుంబాలకు పంచారట. మీ అక్కగారికి కృతజ్ఞతలు చెప్పండి అన్నారు. నేనేం చెప్పను. వాళ్లు వచ్చింది నీకు సాయం చేయడానికి. సాయం చేయడానికి వచ్చినవాళ్ల బండి నింపి పంపినదానివి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే ఉంటావు.

గంజి తాగుతున్నవాళ్ల ఇంట్లో అన్ని సామాన్లు ఎక్కడివి? ఆలోచించి ఆలోచించి నాకు తట్టింది ఒకటే. ఇరుగుపొరుగు దగ్గర తెచ్చి నా పరువు నిలబెట్టావు. పైగా బావ చొక్కాలు ఆరు అమ్మకుండా మిగిలితే, అవి కూడా ఇచ్చేశావు. అక్కా, పరువు కోసం ఇంత పని చేయొద్దు.

డ్రైవర్ గారి చేత నా నల్లకోటు పంపుతున్నాను. చొక్కాలే పంపుదామనుకున్నాను కానీ అన్నీ ఇస్త్రీకి వెళ్లాయి. బావను ఈ కోటు వేసుకోమను. ఎవరైనా గుమ్మంలోకి వస్తే మర్యాదగా ఉంటుంది. నా ఉద్యోగానికి ఢోకా లేదు. మరో కోటు కుట్టించుకుంటాను.

ఇట్లు,
నీ మీద కోపం తెచ్చుకోలేని
నీ తమ్ముడు

తా.క. ఆ కోటు బాగా వేడి చేస్తుంది. బావను కిటికీ పక్కన కూర్చోబెట్టు.


ఇరవై ఏడో రోజు

తమ్ముడికి,
అక్క దీవెనలు.

ఈసారి కాగితానికి వెనకాడకుండా రాస్తున్నాను. మాటల్లో పొదుపు చేసి ఇంత గొడవ తెచ్చుకున్నాను.

కోటు అందింది. నువ్వు పంపావని మీ బావ గౌరవంగా తొడుక్కుని, చెమటలు కక్కుతూ అందులోనే గడియారాలు బాగు చేశాడు. పక్కింటావిడ గోడ మీంచి చూసి, మీ ఇంట్లో విందు ఎప్పుడు అని అడిగింది.

మేం గంజి తాగడం లేదురా. మాస్కులకు పెడుతున్నాం. మీ బావ పాత చొక్కాలు మెత్తటి నూలువి. ఊళ్లో మాస్కులు దొరకడం లేదని తనే తెచ్చి నా ఒళ్లో పడేశాడు. కొట్టు మూశాక బనీనుతో హాయిగా ఉందట, ఇన్నేళ్లు ఆ బొత్తాలు ఎందుకు పెట్టుకున్నానా అని బాధపడుతున్నాడు. మూడు చొక్కాలు మాస్కులయ్యాయి, ఆరు సంచులయ్యాయి.

బొంతను కాల్చలేదు. అన్నం గిన్నె పొంగు వచ్చాక పది నిమిషాలు ఉంచి దించేస్తాను. మూత గట్టిగా పెట్టి, బొంతలో చుట్టి, చెక్కపెట్టెలో పెడితే ఆ వేడికే గంటలో ఉడికిపోతుంది. పప్పు కూడా అంతే, కాకపోతే రెండు గంటలు. గ్యాసు బండ ఎప్పుడు వస్తుందో తెలియని రోజుల్లో నాకు బండ బెంగ లేదు. సామాన్లు అప్పు తెచ్చినవి కాదు. ఏటా ఎండాకాలంలో ఎండబెట్టి దాచుకునేవే. బజారు మూసినా మాకు మూసినట్టు తెలియలేదు.

ఇక నీ సంగతి.

పదిహేడేళ్లుగా ఆ కోటు మీద ఈగను వాలనివ్వలేదు నువ్వు. హాలు మళ్లీ తెరుస్తారని నమ్మకం ఉన్న మేనేజరు కోటు ఎవరికీ ఇవ్వడు. చొక్కాలు ఇస్త్రీకి వెళ్లాయన్నావు. ఇస్త్రీ కొట్లు మూసి నెల కావస్తోంది.

నాన్న మిల్లు మూతపడిన ఏడాది నీకు ఎనిమిదేళ్లు. అమ్మా నేనూ ఇల్లు ఎలా నడిపామో నీకు తెలియదు. నా పాత గౌను నీకు చొక్కా అయింది. కొత్త చొక్కా అని బడంతా చూపించుకుని వచ్చావు. నీకు తెలియనివ్వలేదని అమ్మ ఎంత సంతోషించిందో. ఇప్పుడు నువ్వు అదే పని నాతో చేస్తున్నావు. నువ్వు చిన్నవాడివి కనుక అప్పుడు చెల్లింది. నేను పెద్దదాన్ని, నా దగ్గర చెల్లదు.

ఉద్యోగం ఉందా, లేదా? ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
జవాబు కోసం గేటు దగ్గరే కూర్చున్న
నీ అక్క

తా.క. ఈ ఉత్తరానికి ఏడు కాగితాలు అయ్యాయి. నీ మీద నాకు ఎంత ప్రేమో దీన్నిబట్టి తెలుసుకో.


ముప్పై ఆరో రోజు

అక్కకు,
తమ్ముడు నమస్కరించి రాస్తున్నది.

లేదు.

ఒక్క ముక్క అడిగావు కనుక ముందు అది రాశాను. తొమ్మిదో రోజునే యజమాని పిలిచి, హాలు ఎప్పుడు తెరుస్తానో తెలియదు, వేరే చూసుకోమన్నారు. రంగులూ లేవు, గోడలూ లేవు. నా ఉత్తరాన్ని తప్పుగా చదివి నేను అవసరంలో ఉన్నాననుకున్నావని నవ్వుకున్నాను. తప్పుదారిలో నడిచి సరైన ఇంటికే వచ్చావు.

కానీ నీకు తెలియనిది ఇంకొకటి ఉంది. నాకూ ఈమధ్యే తెలిసింది.

నీ మొదటి ఉత్తరం చదివి నీ మరదలు ఏడవలేదని రాశాను కదా. నేను దాన్ని కష్టాల చిట్టా అనుకున్నాను. తను సలహాల చిట్టా అనుకుంది. ఉద్యోగం పోయిందని ఎలాగో తెలిసి వదిన గారు పద్ధతులు రాసి పంపారనుకుంది. మర్నాటి నుంచి మా ఇంట్లో పొయ్యి రోజుకు ఒక్కసారే. గంజి కూరల్లోకి వెళ్లింది. మూడో రోజు స్నానం చేసి వస్తే నా చొక్కాలు లేవు. మాస్కులకు గుడ్డ దొరక్క నేను చూస్తుండగానే ఆఖరిదాన్ని రెండు ముక్కలు చేసింది. ఇదేంటి అంటే, తను కత్తెర ఆపకుండానే జవాబిచ్చింది.

"అన్నయ్య గారి ఒంటి మీదే చొక్కా లేదట. మీరు ఆయన కన్నా గొప్పవాళ్లా?"

మీ కష్టాలు విని మతి చెడి మాట్లాడుతోందనుకున్నాను. కోటు పంపిన ఉత్తరం నీకు బనీనుతో కూర్చునే రాశాను. బొంత సంగతి మాత్రం తనకీ అర్థం కాలేదు. వదిన గారు ఊరికే రాయరని, దాన్ని తెచ్చి పొయ్యి పక్కన మడిచి పెట్టింది. తర్వాతి ఉత్తరంలో వస్తుందిలే అని దాదాపు రెండు వారాలు ఓపిక పట్టింది. నీ ఏడు కాగితాలు చదివి, బొంత పేరా రాగానే లేచి వెళ్లి గిన్నె పెట్టింది. గంట తర్వాత మూత తీస్తే పువ్వులాంటి అన్నం. అప్పుడు తను అసలు విషయం చెప్పింది. జీతం లేని ఇల్లు ఇన్నాళ్లు ఎలా గడిచిందో నేను ఆలోచించనే లేదు అక్కా. నిన్ను కాపాడుతున్నానని ఉత్తరాలు రాస్తూ, నువ్వు రాసిన నాలుగు వాక్యాల మీద బతికాను. మిల్లు మూసిన ఏడాది లాగే ఇప్పుడు కూడా నాకు తెలియనే లేదు.

ఆ మర్నాడు ఒక పని చేశాను. మా వీధి చివర బడిలో, బస్సులు ఆగిపోయి ఇళ్లకు వెళ్లలేని కూలీలు ఎనభై మంది ఉన్నారు. వాళ్లకు వండి పెట్టేవాళ్లకు గ్యాసు చాలడం లేదు. మా హాల్లో అతిథులు కూర్చునే మందపాటి పరుపులు గదుల నిండా ఉన్నాయి. యజమాని ఇంటికి వెళ్లి, గుమ్మం బయటే నిలబడి, వంటగది తాళాలు అడిగాను. ఉద్యోగం అడగడానికి వచ్చాననుకుని మొదట తలుపు సగమే తీశారు. విన్నాక తాళాలతో పాటు స్టోరు గది కూడా నాకు వదిలేశారు. ఇప్పుడు పెద్ద గుండిగలు పొంగు రాగానే దించి, పరుపుల్లో చుట్టి పెడుతున్నాం. నీ మరదలే పెద్ద వంటమనిషి. ఆ కూలీలకు వండి పెట్టే బృందం వాళ్లు నాకు వంట బాధ్యత అప్పగించి, చిన్నదే అయినా నెల జీతం కూడా ఖాయం చేశారు.

పదిహేడేళ్లు ఆ హాల్లో విందులు చేయించాను. ప్రతి విందు అయ్యాక మిగిలింది ఎత్తుకుపోవడానికి వెనక గుమ్మం దగ్గరికి చెత్తబండి వచ్చేది. వంట మొదలైందని విని, ఆ బండి ఆయన నిన్న కూడా వచ్చాడు. గుండిగలు అడుగంటా చూపించి, ఎత్తుకుపోవడానికి ఏమీ లేదన్నాను. ఆయన బండి తిప్పుకుంటుంటే ఆపి, నా కోసం ఉంచిన పళ్లెంలో సగం వడ్డించి మెట్ల మీద కూర్చోబెట్టాను. ఇన్నేళ్లలో ఆయన భోజనం చేస్తుండగా చూడడం నాకు అదే మొదటిసారి. మారు అడిగాడు. మిగిలిన సగం కూడా పెట్టాను.

ఇట్లు,
ఆకలితో, తృప్తిగా
నీ తమ్ముడు

తా.క. ఈ ఉత్తరం కవరులో పెట్టి అంటించబోతే డ్రైవర్ గారు వద్దన్నారు. మన ఉత్తరాలు ముందు వాళ్లావిడ చదవందే వాళ్లింట్లో వంట మొదలవడం లేదట. పప్పు రెండు గంటలు అని రాశావు, నానబెట్టిన పప్పా, నానబెట్టనిదా అని ఆవిడ అడగమన్నారు. వెంటనే రాయి. మీ ఇద్దరి మధ్య ఆయన పస్తులుంటున్నారు.