అమ్మ అన్న ‘కాస్త’

చెల్లాయికి అన్నయ్య దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ వదిన మోకాళ్లు మాత్రం వాన వచ్చే ముందు మొరాయిస్తున్నాయి. బావగారి దగ్గు తగ్గిందని తలుస్తాను.

అమ్మ ఆస్పత్రి కాగితాల్లో ‘ఎక్స్‌క్రూషియేటింగ్’ అని ఉంది, అర్థమేమిటని అడిగావు. భరించలేని నొప్పి అని. లాటిన్ నుంచి వచ్చింది. ‘క్రుక్స్’ అంటే శిలువ. పూర్వం మనుషుల్ని శిలువ వేసి చంపేవారు కదా, ఆ యాతన నుంచి పుట్టిన మాట. ముందున్న ‘ఎక్స్’ ఆసాంతం అని చెబుతుంది. ఈ ఆస్పత్రిలో రోగుల తెలుగును డాక్టర్లకు ఇంగ్లీషులో చెప్పే పదిహేనేళ్ల దుబాసీ పనిలో దాన్ని ఎన్నిసార్లు వాడానో. పన్ను నొప్పికి ఒకాయన ప్రాణాలు తోడేస్తోందంటే డాక్టరుకు అదే చెప్పాను. రోగి అన్నది అన్నట్టు చెప్పాలి, మనం ఏదీ కలపకూడదు, తీయకూడదు. మా పనికి అదే నియమం.

నీ రెండో సంగతి దగ్గరే కలం కదలడం లేదు. మొదటిరోజు డాక్టరమ్మ ఏమీ అడగకుండానే అమ్మను ఇంటికి పంపేసిందనీ, ఆమె మీద ఫిర్యాదు రాశాననీ, నన్నూ సంతకం పెట్టమనీ అన్నావు.

ఆవిడ అడిగిందమ్మా. నొప్పి ఎంతుందని రెండుసార్లు అడిగింది. సొంతవాళ్లకు మేం దుబాసీగా ఉండకూడదు. “వేరేవాళ్లెందుకురా, నువ్వున్నావుగా” అంది అమ్మ. మంచం అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడిపోతుంటే, “కాస్త నొప్పిగా ఉంది, అంతే” అంది. అమ్మ సంగతి నీకు తెలియనిదా? కాలిమీద మరిగే నీళ్లు పడినా మనకు అన్నం పెట్టాకే చూపించిన మనిషి. ఆమె ‘కాస్త’ అంటే ఎంతో నాకు తెలుసు. తెలిసి కూడా, మెడలో ఆస్పత్రి కార్డు వేలాడుతోందని, కాస్త నొప్పి అనే చెప్పాను. మా అమ్మ తక్కువ చేసి చెబుతుంది డాక్టరుగారూ అని ఒక్క ముక్క అనలేకపోయాను. మూడోరోజు పేగు పగిలి తీసుకొచ్చినప్పుడు ఆ పెద్దమాట రాసింది ఆ డాక్టరమ్మే. అప్పటికి అమ్మకు మాట లేదు.

అమ్మ పోయినప్పటి నుంచి, ఏడు నెలలుగా నువ్వు ఆవిడను తిడుతుంటే ఊఁ కొడుతూ కూర్చున్నాను. సిగ్గుగా ఉంది. ఫిర్యాదు ఇంకా పంపకపోతే చింపెయ్యి. పంపేసి ఉంటే ఈ ఉత్తరం కూడా వాళ్లకు పంపు, ఆవిడ ఉద్యోగం పోకూడదు. రేపు పొద్దున్నే వెళ్లి ఆవిడకు నేనే చెబుతాను. నీకు ఎదురుగా చెప్పే ధైర్యం లేకే రాస్తున్నాను.

ఇట్లు,
ఇంకా అలా పిలవాలనిపిస్తే,
నీ అన్నయ్య